పీటగాడికి చెవుల్లేవు

ఏప్రిల్ 6

ఒరేయ్ తమ్ముడూ,

బతికే ఉన్నాం. ఈ మాట ముందు రాసేస్తే మిగతాది తీరిగ్గా చదువుకుంటావని రాశాను. మమ్మల్ని ఒక బడిలో పెట్టారు. గదికి మూడు సంసారాలు. మా పక్క నల్లబల్ల కింద. పొద్దున్న కళ్ళు తెరవగానే ఎవడో పిల్లాడు వేసిన గుణకారం కనిపిస్తుంది. తప్పు చేశాడు వెధవ. సరిచేద్దామంటే సుద్దముక్క దొరకదు.

కార్ఖానాలో బాయిలర్ పేలిన దగ్గర్నుంచి నా చెవులు పనిచెయ్యడం లేదు. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదాంట్లో తేనెటీగ కాపురం పెట్టింది. డాక్టరు ఏదో చెప్పాడు, వినపడితే గదా! అందుకని ఫోన్ చెయ్యకు. నా ఫోను ఎలాగూ ఇంట్లోనే ఉండిపోయింది, కట్టుబట్టలతో బండెక్కించారు. మీ బావ ఫోనుకి మెసేజీలు కూడా పంపకు. ఆయన లారీ తీసుకుని పోతే మళ్ళీ ఎప్పుడు మొహం చూపిస్తాడో ఆయనకే తెలియదు. ఉత్తరం రాయి. ఆలస్యమైనా పదిసార్లు చదువుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధి మట్టి పరీక్ష చేసేది మీ సంస్థేనట కదా, నువ్వు నడిపే యంత్రంతోనేనట! ఆ కార్ఖానాలో పాత బ్యాటరీలు కరిగించేవాళ్ళు కదా, పేలినప్పుడు సీసం దుమ్ము ఊరంతా పడిందట. మట్టి బాగున్న ఇళ్ళు తెరుస్తారు, బాగోలేని ఇళ్ళకి తాళం వేసేస్తారు. ఇదీ వాళ్ళు మాకు కాగితం మీద రాసి చూపించింది.

మా అమ్మాయికి ఎట్టకేలకు ఉద్యోగం దొరికింది. ఒంటరిగా పిల్లని పెంచుకుంటున్న మనిషి, దానికి అదే ఆధారం. షిఫ్టుల పని, అందుకని బుడంకాయని నా దగ్గర వదలాలి. ఈ బడి గదిలో, ఇంతమంది దగ్గుల మధ్య, ఆ పిల్లని ఎక్కడ పెట్టను? ఇల్లు తెరవకపోతే అమ్మాయి ఉద్యోగం వదులుకోవాల్సిందే. కాబట్టి మన మట్టి బాగుందని నీ యంత్రంతో చెప్పించు.

బుడంకాయ మట్టి తినడం ఇంకా మానలేదట. గోడ సున్నం కూడా గోకుతోందట. అచ్చం నీ పోలికే.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. గుణకారం దగ్గర నవ్వొచ్చింది. మళ్ళీ ఏడ్చాను. నువ్వు మారవు.

నా యంత్రం గురించి రాస్తాను, నీకూ కాస్త ధైర్యంగా ఉంటుంది. అదొక ఆరు చక్రాల బల్ల. పైన మెడలాగా ఒక కడ్డీ, దాని చివర కెమెరా. ముందు చిన్న పళ్ళెం, పొట్టలో గొట్టం. ఆ గొట్టాన్ని నేలలోకి దించి మోచేతి లోతు మట్టిని కడ్డీలా పైకి లాగుతుంది. పళ్ళెంలో కాస్త పోసుకుని సీసం ఎంతుందో అక్కడికక్కడే కొలుస్తుంది. మనుషులు వెళ్తే ఆ దుమ్ము పీల్చాలి కాబట్టి దాన్ని పంపుతున్నాం. నేను ఇక్కడ, ఇంత దూరంలో తెర ముందు కూర్చుంటాను. దాని కళ్ళు నా కళ్ళే అనుకో.

నిన్న అది మన వీధిలోకి వచ్చింది. మీ గేటు తెరిచే ఉంది. పెరట్లో తీగ మీద బావ చొక్కా ఇంకా ఆరుతోంది. కిటికీలోంచి నీ కుట్టుమిషను కనిపించింది, సూది కింద సగం కుట్టిన గౌను. బుడంకాయదేనా? కాసేపు అక్కడే ఆపి చూస్తూ కూర్చున్నాను. ఏమైందని మా మేడం అడిగింది. మేడం అంటే మట్టి శాస్త్రవేత్త, ఈ పనంతా ఆవిడదే. అది మా అక్క ఇల్లని ఆవిడకి చెప్పలేదు. చెబితే నన్ను ఈ వీధి నుంచి తప్పించేస్తారు.

మీ పెరట్లో రెండు చోట్ల ఎర్ర జెండాలు గుచ్చి వచ్చింది. ఒకటి బట్టలుతికే బండ పక్కన, రెండోది నిమ్మచెట్టు మొదట్లో. పైపైన కొలిచి చూస్తే మేడం పెదవి విరిచింది. కంగారు పడకు, ఇది ఊరికే మొదటి చూపు. వచ్చే నెల మొదట్లో ఆ జెండాల దగ్గరే మోచేతి లోతు తీస్తుంది, అదే లెక్కలోకి వస్తుంది. నేను దాన్ని నడిపేవాణ్ణి మాత్రమే అక్కా, దాంతో ఏమీ చెప్పించలేను. మంచే జరుగుతుందని మాత్రం నా మనసు చెబుతోంది.

చెవులకి మందు వాడుతున్నావా? రాయి.

నీ తమ్ముడు


ఏప్రిల్ 16

ఒరేయ్,

పెదవి విరవడానికి ఎవర్రా ఆవిడ? మన పెరట్లో ఆవిడ ఒక్కపూట బట్టలుతికిందా? నా చేతుల మీద పెరిగిన నిమ్మచెట్టు అది. సరేలే, ఆవిడకి నీ మీద కోపం వస్తుంది, ఈ ఉత్తరం చూపించకు.

నువ్వు రాసిందాన్ని బట్టి నీ యంత్రం ముక్కాలిపీటకి చక్రాలు తగిలించినట్టుంటుందని గదిలో అందరికీ చెప్పాను. అందరం దానికి పీటగాడని పేరు పెట్టేశాం. ఇప్పుడు పిల్లలంతా పీటగాడి ఆట ఆడుతున్నారు. ఒకడు వంగుని నడుస్తాడు, మిగతావాళ్ళు వాడి నెత్తిన మట్టి పోస్తారు.

నాకు పని దొరికింది. ఇక్కడికి దగ్గర్లో మొక్కల నర్సరీ ఉంది, సంచుల్లో మట్టి నింపే పని. ఎంత మంచి మట్టనుకున్నావ్! నల్లగా, మెత్తగా, పొట్టూ ఎరువూ కలిపి ఉంటుంది. నిన్న చేతిలోకి తీసుకుని వాసన చూస్తుంటే యజమాని నా వైపు అదోలా చూశాడు.

ఇంకో మాట. మన వీధుల చుట్టూ వేసిన కంచెకి కాలవ వైపు సందుందట. అందరూ దూరి వెళ్ళి సామాన్లు తెచ్చుకుంటున్నారు. నేనూ వెళ్ళి మిషను తెచ్చుకోనా? నీ పీటగాడు ఎదురొస్తే ఏం చేస్తాడు, కరుస్తాడా? నేను మాట్లాడితే నీకు వినిపిస్తుందా? నాకెలాగూ వినపడదు, నీకైనా వినిపిస్తే చాలు. ఇది సరిగ్గా రాయి, నీ మామూలు దాటవేతలు వద్దు.

అక్క


ఏప్రిల్ 21

అక్కా,

హడావుడిగా రాస్తున్నాను. వెళ్ళకు. నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను, మిషను కోసం ఆ దుమ్ములోకి వెళ్ళకు. మిషను ఎక్కడికీ పోదు, వీధిలోంచి వెళ్తూ పగలు రోజూ చూస్తూనే ఉన్నాను. పీటగాడు (పేరు మా గదిలో కూడా పాకింది, మేడం కూడా అలాగే అంటోంది) కరవడు. మనిషి ఎదురొస్తే ఆగిపోతాడు, అంతే. మిగతావి రేపు వివరంగా రాస్తాను, మేడం పిలుస్తోంది.

త.


మే 4

అక్కా,

చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

ఇవాళ నిన్ను చూశాను. లోతు మట్టి తీసే రోజు ఇవాళే. పీటగాడు గేటు దాటి బండ వైపు తిరిగాడో లేదో, తెర నిండా నువ్వు. ఎంత చిక్కిపోయావు! మొహానికి గుడ్డైనా కట్టుకోలేదు. చేతులు మోచేతుల దాకా మట్టి. “అక్కా, బయటికి వెళ్ళు!” అని తెర మీద పడి అరిచాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఎవరో తెలియదని మేడంతో అబద్ధం చెప్పాను. ఎవరో పాపం సామాన్ల కోసం వచ్చి ఉంటుంది అన్నాను.

దానికి చెవుల్లేవక్కా. నోరూ లేదు. ఆ రోజు రాస్తానని రాయలేకపోయింది ఇదే, పనిలో పడి మర్చిపోయాను. నువ్వు దాని ముందు నిలబడి చాలాసేపు ఏదో చెప్పావు. చేతులు తిప్పుతూ, నవ్వుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ. చేతిగుడ్డ తీసి కెమెరా అద్దం తుడిచావు. నీ మొహం ఇంకా స్పష్టంగా కనిపించింది. ఒక్క ముక్క వినపడలేదు. ఏం చెప్పావక్కా?

వెళ్ళగానే ఒళ్ళంతా కడుక్కున్నావా? డాక్టరు దగ్గరికి వెళ్ళి సీసం పరీక్ష చెయ్యమని అడుగు. మిషను అక్కడే ఉంది, నువ్వు తీసుకెళ్ళలేదు కూడా. మరి దేనికి వెళ్ళినట్టు?

ఒక మంచి కబురు. నువ్వు పక్కకి తప్పుకున్నాక రెండు చోట్లా మట్టి తీసింది. సీసం దాదాపు లేదు! పైన అంతుండి లోపల లేకపోవడమేమిటని మేడం ఆశ్చర్యపోయింది. మట్టి నల్లగా, పొట్టుతో ఉంది. ఆ ఇంట్లో మొక్కలు బాగా పెంచేవాళ్ళేమో అని నేనే అన్నాను. ఆవిడ ఊ అంది. నాకు గంతులెయ్యాలనిపించింది.

నీ తమ్ముడు


మే 5

నా బంగారు తమ్ముడూ,

నువ్వు ఇంత మంచివాడివని నాకు తెలుసు కానీ ఇంత గుండెధైర్యం ఉందని తెలియదు. నిన్న నువ్వు నా మాట విని నిలబడ్డావే, నా జన్మకి అది చాలు.

ఎందుకైనా మంచిది, చెప్పింది మళ్ళీ కాగితం మీద పెడుతున్నాను. ఆవిడ పెదవి విరిచిందని రాశావు కదా, ఆ రోజే అనుకున్నాను. ఎర్ర జెండా గుచ్చిన చోటే కదా చెడ్డ మట్టి. ఆ చెడ్డదాన్ని తీసేస్తే సరి. పని అయ్యాక రోజూ చీకటి పడే వేళకి కాలవ సందులోంచి దూరి, బండ దగ్గరా చెట్టు దగ్గరా మోచేతి లోతుకన్నా ఎక్కువే తవ్వేశాను. తీసిన మట్టంతా వెనక గోడకి ఆనించి కుప్ప పోశాను. నర్సరీ నుంచి సంచుల్లో మంచి మట్టి మోసుకొచ్చి నింపాను. తొక్కి, నీళ్ళు చల్లి, జెండా మళ్ళీ గుచ్చాను. నడుం విరిగింది. చేతుల మీద దద్దుర్లు వచ్చాయి, ఏదో రాశాను, తగ్గుతుంది.

కానీ మనసు ఒప్పుకోలేదు. నీకు చెప్పకుండా చేస్తే రేపు నీ ఉద్యోగానికి మాట రాకూడదు కదా. అందుకే నిన్న పీటగాడి ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. “ఒరేయ్, ఇదిగో ఇలా చేశాను. తప్పనిపిస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపో, నేనేమీ అనుకోను. పరవాలేదనిపిస్తే కదలకుండా నిలబడు” అన్నాను. నువ్వు కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డావురా! నాకు కన్నీళ్ళు ఆగలేదు. నేను పక్కకి తప్పుకోగానే తిన్నగా వచ్చి బండ పక్కన గొట్టం దించావు.

అమ్మాయికి రాసేశాను. ఇల్లు తెరవగానే బుడంకాయని తీసుకొస్తుంది. ఆ గౌను పూర్తి చెయ్యాలి.

నీ అక్క


మే 10

అక్కా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను.

అది నేను కాదు. దాని ముందుకి కుక్క వచ్చినా ఆగిపోతుంది. ఎవరైనా తోవలో ఉంటే వాళ్ళు పోయేదాకా కదలదు, అలా తయారుచేశారు. నేను ఇక్కణ్ణుంచి నడపాలనుకున్నా నడవదు. నువ్వు నా ఒప్పుకోలు అనుకున్నది అది. నేను ఆ సమయంలో వెళ్ళిపొమ్మని గొంతు చించుకుని అరుస్తున్నాను.

జెండా చెడ్డ మట్టికి గుర్తు కాదక్కా. ఆ చోట్లు కంప్యూటరు గుడ్డిగా ఎంచుతుంది. పెరడంతటికీ బదులుగా ఆ రెండు చోట్లు చూస్తాం, అన్నం మెతుకు పట్టి చూసినట్టు. నువ్వు ఆ రెండు మెతుకులు మార్చావు. కుండ అలాగే ఉంది. ఈ ముక్క నేను మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. పెదవి విరిచిందనీ జెండా అనీ మోచేతి లోతనీ నీకు కావలసినవన్నీ రాసి, ఈ ఒక్కటీ రాయలేదు.

ఫలితం నిన్ననే పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. నోరు విప్పితే నిన్ను పట్టుకెళ్తారేమోనని భయం. విప్పకపోతే బుడంకాయ ఆ మట్టిలో ఆడుతుంది. చిన్నపిల్లలకి సీసం ఎక్కితే బుర్ర ఎదగదక్కా, ఎక్కింది మళ్ళీ దిగదు. దాన్ని రానివ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, బడిలోనే ఉండండి.

బావకి ఫోన్ చేశాను. “మీ అక్కా తమ్ముళ్ళ గొడవలో నన్ను లాగకు” అని పెట్టేశాడు. అమ్మాయికి చేశాను. “అమ్మ ముందే చెప్పింది మావయ్యా, నీకు ఉద్యోగ భయం పట్టుకుంటే ఇలాగే ఏదో ఒకటి అంటావని” అని నవ్వింది. ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

తమ్ముడు


మే 15

ఏమయ్యా తమ్ముడుగారూ,

బాగుంది. అప్పుడు నువ్వే, ఇప్పుడు నువ్వు కాదు. దాని కళ్ళు నా కళ్ళే అని రాసింది ఎవరు? ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఒక్క ముక్క వినపడలేదని అంతకుముందు రాసిందీ మీ మేడం కంటపడుతుందేమోనని రాశావనే అనుకున్నాను. భయపడితే భయపడ్డానని చెప్పు, కాదనను. పిల్లా జెల్లా ఉన్నవాడివి. అంతేగానీ కుక్కకి ఆగుతుంది, నక్కకి ఆగుతుంది అని నా చెవిలో పువ్వులు పెట్టకు. నేను దాని మొహంలో మొహం పెట్టి చూశాను. అది నన్ను చూసింది.

ఇల్లు తెరిచారు. వీధిలో మనదీ మూలమీద ఇల్లూ, అంతే. మిగతావాళ్ళు గేట్ల బయట నిలబడి చూస్తుంటే నాకే సిగ్గేసింది. గచ్చులూ గోడలూ కడిగి ఇచ్చారు. మీ బావ చొక్కా ఎండకి తెల్లబడిపోయింది.

బుడంకాయ వచ్చింది. వచ్చీ రాగానే గౌను తొడిగాను. కాస్త బిగుతైంది, ఈ కాస్తలోనే పెరిగిపోయింది. అమ్మాయి డ్యూటీలో చేరింది. చాలా రోజుల తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను. ఇప్పుడు దాన్ని పిలిచి ఉద్యోగం మానుకో అని ఏ నోటితో చెప్పమంటావు?

నువ్వు రాసింది పూర్తిగా కొట్టిపారెయ్యలేదు, నీ తృప్తి కోసం బండ దగ్గర మంచి మట్టి చుట్టూ గులకరాళ్ళు పేర్చాను, అక్కడే ఆడుకోమని చెప్పాను. వెనక గోడ దగ్గరి కుప్ప మీ బావ రాగానే లారీలో ఎత్తించేస్తాను. దాని మీదకి ఎక్కవద్దని కేకలేస్తూనే ఉన్నాను. వింటే గదా! ఎక్కి జారడం దాని ఆట. నాకు కుట్టుపని బోలెడు వచ్చి పడింది, కడిగిన ఇళ్ళవాళ్ళకి తెరలు కావాలట.

ఇంకెప్పుడూ ఇలాంటి ఉత్తరం రాయకు. నాకు నిద్ర పట్టలేదు.

అక్క


మే 22

అక్కా,

మేడంతో అంతా చెప్పేశాను. నువ్వు ఎవరో, నేను ఎవరో, మట్టి ఎక్కడిదో. తిడుతుందనుకున్నాను. “ఇంట్లో పిల్లలున్నారా?” అని మాత్రం అడిగింది. వెంటనే పై ఆఫీసుకి ఫోన్ చేసింది. వాళ్ళు కాగితం పంపమన్నారు. కాగితం పంపితే, ఒకసారి బాగుందని రాసి ఇప్పుడు బాగోలేదంటే ఎలా, మళ్ళీ కొలిచి కొత్త అంకెలు పంపండి, అప్పుడు చూద్దాం అన్నారు. ఆవిడ నా ముందే ఫోన్ బల్ల మీద విసిరేసింది.

అందుకే ఇవాళ పీటగాణ్ణి మళ్ళీ మీ ఇంటికి తీసుకొచ్చాను. తెర ముందు కూర్చునే ఇది రాస్తున్నాను.

గేటు దాటాడు. బండ చుట్టూ నీ గులకరాళ్ళు చక్కగా పేర్చి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. బుడంకాయ వెనక గోడ దగ్గర కుప్ప మీద కూర్చుని ఉంది. పువ్వుల గౌను. పీటగాణ్ణి చూసి జారుకుంటూ దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆగిపోయాడు.

ఆ పిల్లకి ఆట దొరికింది. కుప్పలోంచి పిడికెడు తెచ్చి పళ్ళెంలో పోసింది. పీటగాడికి పళ్ళెంలో ఏది పడినా కొలవడమే పని. అంకె తెర మీదికి వచ్చింది. మేడం కుర్చీలో కూలబడిపోయింది. ఆ అంకె నీకు రాయను.

ఇప్పుడు ఇంకో పిడికెడు తెచ్చింది. సగం పళ్ళెంలో పోసి, మిగతా సగం తన నోట్లో పెట్టుకుంది. నమిలి, ఎంగిలి చెయ్యి కెమెరా ముందు ఊపుతోంది. నువ్వూ తిను అంటున్నట్టుంది.

ఫోన్లన్నీ అయిపోయాయి. బావ ఫోను అందడం లేదు. అమ్మాయి లోపల డ్యూటీలో ఉంది, అక్కడికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. బడి దగ్గరి ఆఫీసులో ఒకాయన ఎత్తి, తెరిచిన ఇళ్ళు మా కిందకి రావండీ అన్నాడు. మేడం కారు వేసుకుని బయల్దేరింది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎంత దూరమో నీకు తెలుసు. పీటగాణ్ణి వెనక్కి లాగుదామని చూశాను, అటూ ఇటూ కూడా కదలడు. నా చేతిలో ఈ కాగితం మాత్రం ఉంది. ఇది నీకు చేరేది ఎప్పుడో.

నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావక్కా. నీ వీపు కనిపిస్తోంది. మిషను తొక్కుతున్నావు, తెల్లటి తెర గుడ్డ నీ ఒళ్ళోంచి కిందకి జారుతోంది. పిల్ల నువ్వు పిలిస్తే వినపడేంత దూరంలో ఉంది. నేను అరుస్తూనే ఉన్నాను. ఈసారి గదిలో ఎవరూ నా వైపు తిరగలేదు, అందరూ తెర వంకే చూస్తున్నారు.

మళ్ళీ కుప్ప దగ్గరికి వెళ్తోంది.

అక్కా, ఒక్కసారి వెనక్కి తిరుగు.